మీసం వేదిక దిగితే

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్ కుర్రాళ్లను సైన్యంలోకి పంపడంలో బాగా పేరు తెచ్చుకున్నవాళ్లలో వెస్టా టిల్లీ ఒకరు. ఆమెకు సైన్యంతో ఏ సంబంధమూ లేదు. మ్యూజిక్ హాళ్లలో, అంటే పాటలు, హాస్యంతో సాగే ఆనాటి వినోదశాలల్లో, మగవేషం వేసి పాడే ఆర్టిస్టు. సైనికుడి యూనిఫాంలో వేదికెక్కి పాడుతుంటే, పాట అయ్యేసరికి ముందు వరసల్లోంచి కుర్రాళ్లు లేచి పేర్లు రాయించుకునేవారు. లండన్‌లోని హాక్నీలో ఒక వారం ఆటల్లో చేరినవాళ్లకు ‘వెస్టా టిల్లీ ప్లాటూన్’ అన్న పేరే పడింది. మగవాళ్లకు మగతనం గుర్తు చేసే పని ఒక ఆడమనిషి చేతికొచ్చింది. దానికి అప్పట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

టిల్లీ 1864లో పుట్టింది. ఆరేళ్లకే వేదిక మీద మగపిల్లాడి బట్టలు తొడుక్కుంది. ఆమె సూట్ల కుట్టు చూసి లండన్ షోకిలాలు అలాంటివే కుట్టించుకునేవారు. ఆమె పేరు మీద వెయిస్ట్‌కోట్లు, సాక్సులు, చుట్టలు అమ్ముడుపోయాయి. అయితే జుట్టు మాత్రం కత్తిరించుకోలేదు, జడలల్లి విగ్గు కింద దాచేది. గొంతు మార్చలేదు, తన సన్నని గొంతుతోనే పాడేది. వేదిక దిగితే గౌన్లు, నగలు, ఫర్ కోట్లు. 1912లో రాజ దంపతుల ముందు ఆడినప్పుడు ఆ ప్యాంటు చూడలేక క్వీన్ మేరీ మొహం తిప్పేసుకుందని చెప్పుకుంటారు. అయినా 1920లో ఆమె రిటైరైతే దాదాపు 20 లక్షల మంది సంతకాలు పెట్టిన పుస్తకాలు కానుకగా అందాయి. భర్తకు సర్ బిరుదొచ్చింది, ఆమె లేడీ డి ఫ్రీస్ అయింది.

ఈ కథలో నన్ను ఆపేది ఆ విగ్గు కింది జడ. మగవేషం ఎంత బాగా వేసినా, లోపల ఆడమనిషి భద్రంగా ఉందని చూసేవాళ్లకు హామీ కావాలి. ఆ హామీ ఇచ్చినవాళ్లకు చప్పట్లు దక్కాయి. ఇవ్వనివాళ్లకు ఏం దక్కిందో తర్వాత చూద్దాం.

ఇప్పుడు ఇలాంటి ఆర్టిస్టుల్ని డ్రాగ్ కింగ్‌లు అంటున్నారు. 1990ల్లో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ బార్లలో ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఆడవేషం వేసే డ్రాగ్ క్వీన్‌లు టీవీ పుణ్యమా అని ప్రపంచానికంతా తెలుసు. రుపాల్ అనే డ్రాగ్ క్వీన్ 2009లో అమెరికాలో మొదలుపెట్టిన టీవీ పోటీ, డ్రాగ్ అంటే క్వీన్‌లే అన్నంతగా పేరు తెచ్చింది. కింగ్‌లకు ఆ భోగం ఆలస్యంగా, అరకొరగా అందింది. క్వీన్‌ల రాజ్యంగా నడిచిన ‘డ్రాగ్యులా’ పోటీలో 2019లో లాండన్ సైడర్ అనే కింగ్ గెలిస్తే అదే పెద్ద వార్త. కింగ్‌ల కోసమే ఒక టీవీ పోటీ రావడానికి 2025 దాకా పట్టింది.

ఎందుకింత తేడా? డబ్బు, బార్ల యాజమాన్యం లాంటి కారణాలు ఉన్నాయి. నాకు మాత్రం అసలు కారణం మేకప్ బల్ల దగ్గరే కనపడుతుంది.

ఆడవేషం అంటే కలుపుకుంటూ పోవడం. జడ, పూలు, గాజులు, కాటుక, కులుకు. ఏది కలిపినా ఇట్టే కనపడుతుంది. మగవేషంలో చాలా భాగం తీసేయడం. ఛాతీని బైండర్ అనే బిగుతు బట్టతో అణచాలి. నడుము వంపు కనపడకుండా గుడ్డ చుట్టాలి. మీసం కోసం చాలామంది తమ జుట్టు కొసల్నే పొడుంలా సన్నగా కత్తిరించి, పై పెదవి మీద జిగురు రాసి, బ్రష్‌తో కొంచెం కొంచెంగా అద్దుతారు. జిగురు ఎక్కువైతే మెరుస్తుంది, తక్కువైతే రెండో పాటకే పెదవి మీదికి జారుతుంది. ఇంత కష్టమూ పడ్డాక వచ్చేది ‘మామూలు మనిషి’. మగవాడిలా ఉండటమే మామూలు, మిగతాదంతా అలంకారం అని లోకం అనుకుంటుంది కాబట్టి, మగవేషంలో వేషం ఎక్కడుందో చూసేవాళ్లకు తొందరగా పట్టుబడదు.

డయాన్ టార్ అనే ఆర్టిస్టు ఏళ్ల తరబడి దీన్నే పాఠంగా చెప్పింది. ఆమె వర్క్‌షాపులకు వచ్చిన ఆడవాళ్లు ఒక మగ పేరు, ఒక ఉద్యోగం, ఒక కథ ఎంచుకోవాలి. ఆ తర్వాత కూర్చోవడం, నడవడం, తినడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. అందులో కష్టమైన పాఠం నవ్వకపోవడం. ఎదుటివాళ్లు ఏదన్నా అనగానే పెదవుల మీదికి వచ్చే ఆ సర్దుబాటు నవ్వును ఆపడం. తల ఊపకపోవడం. జవాబు చెప్పడానికి తొందరపడకపోవడం. ఉన్న చోటంతా తనదే అన్నట్టు కూర్చోవడం. అలా తయారయ్యాక వీధిలోకి వెళ్లి తిరిగి రావాలి.

ఇది చదివాక నాకు ఆర్టీసీ బస్సు వేరేగా కనపడటం మొదలైంది. ఇద్దరు కూర్చునే సీటులో మోకాళ్లు రెండు వైపులకూ చాపి ఆయన, కిటికీకి అతుక్కుపోయి ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద చేతులు పెట్టుకుని ఆమె. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇద్దరూ ఎన్నో ఏళ్ల రిహార్సల్ చేసి వచ్చినట్టే ఉంటారు.

పాశ్చాత్య డ్రాగ్ కింగ్‌లు ఈ కనపడని వేషాన్ని కనపడేలా చేయడానికి అతి చేసే మగవాళ్లను వెతుక్కుంటారు. ఎల్విస్, కౌబాయ్, బిగుతు సూట్లో పాచి జోకులు వేసే హోటల్ గాయకుడు. మనకైతే ఆ ఇబ్బందే లేదు. మీసం మెలేసి, తొడగొట్టి, కండువా విదిలించి, సుమోలు గాల్లోకి లేపే మన హీరో ఆ పనిలో సగం ముందే చేసి పెట్టాడు. అరవై దాటినా ఆ విగ్గు, ఆ బెల్టు, ఆ రంగు చూస్తే అది మగవేషం కాక మరేమిటి? వేసింది మగవాడు కాబట్టి ఆ మాట అనం.

ఇక హామీ ఇవ్వనివాళ్ల సంగతి. గ్లాడిస్ బెంట్లీ 1907లో పుట్టిన నల్లజాతి పియానిస్టు, గాయని. పదహారేళ్లకు ఇల్లు వదిలి న్యూయార్క్ చేరింది. అక్కడి నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో 133వ వీధిలో ఒక క్లబ్బుకు మగ పియానిస్టు కావాలని తెలిసి, తానే వెళ్లి వాయించి ఉద్యోగం తెచ్చుకుంది. తెల్ల టక్సీడో, తలమీద టాప్ హ్యాట్, భారీ విగ్రహం, గంభీరమైన గొంతు. జనం నోట ఉన్న పాటలకు బూతు చరణాలు కట్టి పాడుతూ, ముందు బల్లల దగ్గర కూర్చున్న ఆడవాళ్లతో సరసాలాడేది. టిల్లీకి, ఈమెకు తేడా ఏమిటంటే బెంట్లీ క్లబ్బు బయట కూడా అలాగే ఉండేది. ఒక ఆడమనిషిని పెళ్లి చేసుకున్నానని బాహాటంగా చెప్పుకుంది కూడా.

1930ల్లో మద్యనిషేధం పోయింది, చాటుగా మందు పోసే హార్లెమ్ క్లబ్బుల వైభవమూ తగ్గింది. ఆమె 1937లో లాస్ ఏంజెలిస్ వెళ్లింది. అక్కడ ప్యాంటు వేసుకుని పాడాలంటే ప్రత్యేక పర్మిట్ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మెకార్తీ కాలం, కమ్యూనిస్టులని, స్వలింగ ప్రేమికులని అనుమానం వస్తే చాలు వెంటాడి వేధించిన రోజులు. 1952లో ‘ఎబొనీ’ పత్రికలో ఆమె పేరుతో ఒక వ్యాసం వచ్చింది. హార్మోన్ చికిత్స తీసుకున్నానని, ఇప్పుడు మళ్లీ ఆడదాన్నయ్యానని అందులో చెప్పుకుంది. పక్కన ఫోటోలు: గౌను వేసుకుని పక్క దుప్పటి సర్దుతున్న బెంట్లీ, వంట రుచి చూస్తున్న బెంట్లీ, నగలు ఎంచుకుంటున్న బెంట్లీ. నేను చూసినంతలో ఆమె వేసిన అన్ని వేషాల్లోకీ అతకనిది ఇదే. 1960లో, 52 ఏళ్లకే చనిపోయింది.

వేదిక మీద చప్పట్లు, వీధిలో కేసు అనేది మనకూ కొత్త కాదు. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం ప్రకారం హిజ్రాలు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనపడితే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. నాటకాల్లో మగవాళ్లు సత్యభామలై ఒన్స్‌మోర్లు అందుకుంటున్న కాలంలోనే ఆ చట్టం పుట్టింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో కాదు, 2023లో.

అమెరికాలోనే స్టోర్మే డిలార్వరీ అని మరొకరు. 1955 నుంచి 1969 దాకా జ్యుయెల్ బాక్స్ రెవ్యూ అనే ఆడవేషాల బృందంలో పనిచేసింది. పాతికమంది మగవాళ్లు, ఒక్క అమ్మాయి అని ఆ బృందం ప్రకటన. అందరూ ఆ అమ్మాయి ఎవరా అని మెరిసే గౌన్లలో వెతికేవారు. చివరికి తెలిసేది, మొదటినుంచీ సూటు వేసుకుని కార్యక్రమం నడిపిస్తున్న ‘ఆయనే’ ఆమె అని. ఆడవాళ్ల బట్టల్లో వీధిలో వెళ్తుంటే, మగవాడు ఆడవేషం వేశాడనుకుని పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయని ఆమే చెప్పుకుంది. ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి! ముసలితనంలో కూడా న్యూయార్క్‌లో ఆడవాళ్ల బార్ల ముందు కాపలా ఉండేది. 2014లో, 93 ఏళ్ల వయసులో పోయింది.

హామీని ఒక సంస్థగా మార్చింది మాత్రం జపాన్. ఒసాకా దగ్గర తకరాజుకా అనే ఊళ్లో రైలు లైను ఆగిపోతుంది. అక్కడిదాకా జనం టికెట్ కొనాలని రైల్వే యజమాని ఇచిజో కొబయాషి 1913లో ఆడపిల్లలతో ఒక బృందం పెట్టాడు. సరిగా నడవని ఈతకొలనును వేదికగా మార్చి 1914లో మొదటి ఆట ఆడించాడు. నేటికీ అన్ని పాత్రలూ ఆడవాళ్లవే. మగపాత్రలు వేసేవాళ్లను ఒతొకొయాకు అంటారు. ఏటా నలభైమందినే తీసుకునే స్కూల్లో రెండేళ్ల చదువు. మగపాత్ర పండటానికి పదేళ్లు పడుతుందని వాళ్లలో ఒక నానుడి. ప్రేక్షకుల్లో అత్యధికులు ఆడవాళ్లే. ఇంట్లో దొరకని మగవాణ్ణి, అంటే చెప్పింది వినేవాణ్ణి, కళ్లలోకి చూసి మాట్లాడేవాణ్ణి, వాళ్లు ఇక్కడ చూసి వెళ్తారు. షరతు ఒక్కటే: పెళ్లి చేసుకుంటే బృందం వదిలేయాలి. మగవేషం, భార్య వేషం ఒకేసారి కుదరవు. అది పంజరమే, కాదనను. అయినా వందేళ్లకు పైగా మగపాత్రలు వేసి జీతం తీసుకునే ఆడవాళ్లున్న పంజరం ఇంకెక్కడుంది?

మన దగ్గర లెక్క ఇంకోలా ఉంది. ఆడపాత్రలు వేసిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ, వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ. ఆ గౌరవానికి వాళ్లిద్దరూ నూటికి నూరుపాళ్లు అర్హులు. మగపాత్రలతోనే గుర్తుండిపోయిన తెలుగు నటి పేరు చెప్పమనండి, చాలామంది తడుముకుంటారు. అలాగని ఆడవాళ్లు వేయలేదా? 1885 నుంచి నడుస్తున్న సురభి కుటుంబాల్లో ఆడవాళ్లు కృష్ణుడి వేషమూ కట్టారు. 1957లో ‘పాండురంగ మహత్యం’లో చిన్ని కృష్ణుడు విజయనిర్మల. 1941లో తమిళ ‘సావిత్రి’లో నారదుడు ఎమ్మెస్ సుబ్బులక్ష్మి. 1935లో తమిళ సినిమాలోనే నందనార్ అనే శివభక్తుడిగా కె.బి. సుందరాంబాళ్ నటించింది. భర్త పోయాక మగవాళ్ల సరసన నటించనని పట్టుబట్టిన ఆమె, మగపాత్రే వేసి లక్ష రూపాయలు తీసుకుంది.

ఈ జాబితాలో ఒక సంగతి గమనించారా? కృష్ణుడు, నారదుడు, నందనారు. ఒక్కరికీ మీసం లేదు. దేవుడు, ముని, భక్తుడు, పిల్లాడు వరకూ ఆడవాళ్లకు వదిలేశాం. దుర్యోధనుడు, కీచకుడు, రావణుడు మగవాళ్ల సొత్తు. కేరళలో తృప్పూణితుర ఆడవాళ్లు 1975లో సొంత కథకళి బృందం పెట్టుకుని రాక్షస వేషాలతో సహా అన్నీ తామే కడుతున్నారు. ఆ ధైర్యం మన పద్యనాటకంలో పెద్దగా కనపడదు. కాకతీయ సింహాసనం మీద కూర్చున్న రుద్రమను శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయంటే, అది రాజ్యం కోసం కట్టిన వేషం. నాటకం కోసం మనం అంత దూరం వెళ్లలేదు.

మన భాషలో ‘మగరాయుడు’ అనే మాట ఉంది. చెట్లెక్కే ఎనిమిదేళ్ల పిల్లను అంటే అది ముద్దు. అదే పిల్ల పెద్దమనిషి అయ్యాక అంటే తిట్టు. మాట మారదు, గొంతు మారుతుంది.

నేను చదువుకున్న ఆడపిల్లల హాస్టల్లో వార్షికోత్సవానికి మయసభ సీను వేశాం. దుర్యోధనుడు వేసిన పిల్ల మా గదిదే. కాటుకలో కొబ్బరినూనె కలిపి మీసం దిద్దింది నేను. అది మీసం తిప్పి, గద భుజానేసుకుని, వేదిక ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే ఈలలతో హాలు మోగిపోయింది. ముఖ్య అతిథిగా వచ్చినాయన చేతి వాచీ తీసి ఇవ్వబోయాడు. మర్నాడు పొద్దున టిఫిన్ క్యూలో కూడా దాని నడక అలాగే ఉంది. కాళ్లు ఎడంగా, భుజాలు వెనక్కి. వార్డెన్ చూసి, “నిన్నటితో అయిపోయిందమ్మా, ఇంక సరిగ్గా నడువు” అంది. కోపంగా కూడా కాదు. అది పళ్లెం పట్టుకుని కాసేపు నిలబడి, కాళ్లు దగ్గరికి తెచ్చుకుని క్యూలో ముందుకు జరిగింది. పై పెదవి మీద కాటుక ఇంకా పూర్తిగా పోలేదు.