మేఘమథనం మీద ఒక నెపం, ఇసుక మీద ఇంకొకటి

దుబాయ్ వరదల మాట వస్తే చాలు, మన తెలుగు గ్రూపుల్లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "మేఘమథనం చేశారు, అనుభవించారు." మబ్బుల్లో రసాయనాలు చల్లి వాన రాల్చే పద్ధతి అది. 2024 ఏప్రిల్ 16 నాటి వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, కింద ఇదే వ్యాఖ్య. షార్జాలో ఉంటూ ఉద్యోగానికి రోజూ దుబాయ్ వెళ్లే నాకు అది చదివితే ఒళ్లు మండుతుంది.

ఇరవై ఏళ్ల కిందట రాయలసీమ మీద మనమూ మేఘమథనం చేయించాం కదా! అనంతపురం మునిగిందా? ఉన్న మబ్బు నుంచి ఆ విద్య నాలుగు చినుకులు ఎక్కువ రాల్చగలదేమో గానీ, లేని మబ్బును పుట్టించలేదు. ఆ రోజు కురిసింది ఒమన్‌నూ ముంచి, బడిపిల్లలను కూడా పొట్టన పెట్టుకున్న వాన. ముందే అంచనాలకు అందిన వాన. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరగకుండానే 254.8 మిల్లీమీటర్లు పడింది. 1949లో నమోదు మొదలుపెట్టాక యూఏఈ అంత వాన చూడలేదు. దుబాయ్ విమానాశ్రయం మీద ఏడాదిన్నర వాన ఒక్క రోజులో దిగింది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో ఈ ప్రాంతపు కుండపోతలు మునుపటికన్నా 10 నుంచి 40 శాతం ముదిరాయని లెక్కగట్టిన వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ (విపత్తుల్లో భూతాపం పాత్రను అంచనా వేసే బృందం) శాస్త్రవేత్తలు వేలు చూపింది భూతాపం వైపు.

సరే, వాన పడింది. పడిన నీళ్లు రోజుల తరబడి ఎందుకు కదల్లేదు? నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. వానే పడని ఊరికి కాలువలు దండగ అనుకున్నారు. నేలంతా తారు, కాంక్రీటు పరిచారు. రోడ్ల కింద రోడ్లు, భవనాల కింద కార్ల గుహలు తవ్వారు. ఇసుక నీళ్లు తాగేస్తుందని మనం అనుకుంటాం. సముద్రం పక్కన ఈ చదును నేలలో కాస్త తవ్వితే చాలు, ఉప్పునీరు తగులుతుంది, ఇక తాగేదెక్కడ? చివరికి ట్యాంకర్లు తెచ్చి తోడుకోవాల్సి వచ్చింది. షార్జాలో అల్ మజాజ్, అల్ ఖాసిమియా వీధుల్లో జనం మోకాలి లోతు మురికి నీళ్లలో నడిచి బియ్యం, తాగునీళ్లు తెచ్చుకున్నారు. పై అంతస్తుల వాళ్లకు లిఫ్టు ఆగింది. కింది అంతస్తులో కొట్టు పెట్టుకున్న వాడికి సరుకే పోయింది. రెండూ ఒకే కష్టం కాదు.

గాలి సంగతీ ఇంతే. దగ్గొస్తే "ఎడారి కదా, దుమ్ముండదా?" అంటారు. ఉంటుంది. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి లేచిన రోజున ఎదుటి భవనం కూడా కనబడదు. కానీ ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని రేణువులన్నీ ఇసుకే అంటే నేను నమ్మను. గ్యాసు మండించే విద్యుత్ కేంద్రాలు, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు, చమురు బావుల మంటలు, ఓడరేవులు, పొద్దున్నే షార్జా నుంచి దుబాయ్ దాకా బారులు తీరే కార్లు (అందులో నాదీ ఒకటి) ఊరికే ఉన్నాయా? పీఎం 2.5 అనే ఆ సన్నని రేణువులు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు. 2023 డిసెంబరులో ఇదే దుబాయ్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్ 28 జరిగింది. ఆరోగ్యం గురించి చర్చించడానికి పెట్టుకున్న రోజునే ఊరి మీద మసక కమ్మింది. ఇంతకన్నా వెటకారం ఎవరు చేయగలరు?

వరద పోయాక మిగిలిన ఒండ్రు ఎండి మళ్లీ దుమ్మే అవుతుంది. దాన్ని ఊడ్చేవాళ్లలో, ఆ గాలిలో బైకు మీద భోజనం మోసేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కుర్రాళ్లుంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది, మంచిదే. దుమ్ము లేచిన రోజుకు అలాంటి గంటలు ఎవరూ రాసిపెట్టగా నేను చూడలేదు.

దుబాయ్ 2024 జూన్‌లో 3,000 కోట్ల దిర్హాములతో తస్రీఫ్ అనే వాననీటి పథకం ప్రకటించింది. పూర్తయ్యేది 2033కి. అదీ దుబాయ్‌కే. షార్జా వేరే ఎమిరేటు, అంటే యూఏఈలో సొంత పాలకుడున్న వేరే రాజ్యం. కాబట్టి కొత్తగా వచ్చే తమ్ముళ్లూ, అద్దె తక్కువని గ్రౌండ్ ఫ్లోర్ తీసుకునే ముందు 2024 ఏప్రిల్‌లో అక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయో కాపలాదారును అడగండి. కారు బీమాలో వరద నష్టం ఉందో లేదో చదువుకోండి. మేఘమథనం గురించి మాత్రం నాకు మళ్లీ ఫార్వర్డ్ చేయకండి.