సెల్లార్లో సూర్యోదయం

మా అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి గారు మొన్న ఒక శాస్త్రీయ ప్రతిపాదన చేశారు. సెల్లార్లోని ఎస్‌టీపీలో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రంలో, నాచు పెంచితే మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ కరెంటు బిల్లు పూర్తిగా తప్పుతుందట. అందులో సగం నిజం ఉండటమే మా దురదృష్టం.

1950లలో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజనీరు చూపించింది ఇదే. మురుగును తినే బాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి, అది వదిలే బొగ్గుపులుసు వాయువు నాచుకు కావాలి. రెండింటినీ ఒకే కుంటలో కాపురం పెడితే ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. మామూలు శుద్ధి కేంద్రాల్లో కరెంటులో సుమారు సగం గాలి ఊదడానికే పోతుంది గనుక ఇది చిన్న లాభమేమీ కాదు. అయితే ఆ కాపురానికి అడుగు లోతున్న విశాలమైన కుంట, నీటిని నెమ్మదిగా తిప్పే తెడ్ల చక్రం, అన్నిటికన్నా ముందు ఎండ కావాలి.

సెల్లార్లో ఎండ ఉండదని ఒక పెద్దాయన వినయంగా గుర్తుచేయగా, కార్యదర్శి గారు ట్యూబులైటు వేద్దామన్నారు. దానికీ కరెంటు కావాలి కదా అంటే ఎల్‌ఈడీ అన్నారు. డాబా మీద కుంట కడదామన్న సూచన, మరి వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలన్న ప్రశ్న దగ్గర వీగిపోయింది. కార్ల పార్కింగు స్థలం ఇద్దామన్న మాట మినిట్సులోకే ఎక్కలేదు. రాత్రిళ్లు నాచు కూడా ప్రాణవాయువును పీల్చుకుంటుందే అని నేనడిగితే, రాత్రిపూట బాత్‌రూములు ఎవరు వాడతారండీ అన్నారు. చివరికి బిందె ఇచ్చి వాచ్‌మన్‌ను చెరువుకు పంపి నాచు తెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంతకీ ఆ బ్లోయర్ తిరిగితే గదా బిల్లు తప్పడానికి! తనిఖీకి వస్తున్నారన్న కబురు అందిన రోజున తప్ప దాని చప్పుడు మేమెవరమూ వినలేదు. గాలి అందని మురుగులో పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. అది మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కును మొద్దుబార్చి, కంపు కూడా తెలియనివ్వకుండా చంపుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అయినా పోయినసారి మా ట్యాంకు పూడిపోతే నడుముకు తాడు కట్టి ఒక కుర్రాణ్ణి దింపారు. బాక్టీరియా ఊపిరి గురించి గంటన్నర చర్చించిన ఈ పెద్దమనుషుల్లో, సిగ్గులేని నాతో సహా, వాడి ఊపిరి గురించి అడిగిన నోరు ఒక్కటీ లేదు! బతికి పైకి వచ్చాడు, మా అదృష్టం. వాడికిచ్చిన కూలి ఆ నెల లెక్కల్లో "ఇతరములు" కింద ఉంది.