సిండ్రోమ్‌ని హీరో చేసేముందు ఆ దీవిలో ఏం జరిగిందో చూడండి

‘ది ఇంక్రెడిబుల్స్’ 2004లో వచ్చిన సినిమా. అందులో హీరో మిస్టర్ ఇంక్రెడిబుల్, అసలు పేరు బాబ్, గొప్ప బలమున్న సూపర్‌హీరో; విలన్ సిండ్రోమ్, చిన్నప్పుడు బాబ్ అభిమాని, అప్పటి పేరు బడ్డీ. అసలు విలన్ మిస్టర్ ఇంక్రెడిబులే, సిండ్రోమ్ పాపం బాధితుడు అనే మాట ఏళ్లుగా తిరుగుతోంది. ఈమధ్య మా అనంతపురం కాలేజీ పిల్లలు కూడా అదే పంచుకుంటున్నారు. వాళ్లు చెప్పేది ఇదీ: బాబ్ అభిమానంతో వచ్చిన పిల్లాణ్ణి అవమానించాడు, సూపర్‌హీరో పనులు చేయకూడదన్న చట్టాన్ని కాదన్నాడు, పై ఆఫీసర్ని కొట్టాడు, భార్యకు అబద్ధం చెప్పాడు, చివరికి సిండ్రోమ్‌ని చంపేశాడు. సిండ్రోమేమో ఏ శక్తీ లేకుండా తెలివితో పైకొచ్చి, ఆ బలాన్ని అందరికీ పంచాలనుకున్నాడు.

బాబ్ తప్పులు చేశాడు, అది నేను కాదనను. అతన్ని మచ్చలేని దేవుడిగా సినిమా కూడా చూపించదు. కానీ ఆ తప్పులన్నీ ఏరి ఒకవైపు పోసి, రెండోవైపు జరిగిన హత్యల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకపోతే ఎలా?

పిల్లాడి అవమానం సంగతి ముందు చూద్దాం. బడ్డీ పిలవకుండానే, తాను తయారుచేసుకున్న రాకెట్ బూట్లతో ఒక దొంగతనం మధ్యలోకి ఎగురుకుంటూ వచ్చాడు. ఎదురుగా ఉన్నవాడు బాంబులు పేల్చే నేరగాడు. వాడు బడ్డీ వీపున వేలాడే కేప్‌కి బాంబు తగిలిస్తే, అది చూసుకోకుండానే పోలీసుల కోసం గాల్లోకి లేచాడు బడ్డీ. బాబ్ ఆ కేప్ పట్టుకుని వేలాడి బాంబు ఊడదీశాడు. అది పట్టాల మీద పడి పేలింది, వస్తున్న రైలును బాబ్ ఒంటితో ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత పిల్లాణ్ణి పోలీసులకు అప్పజెప్పి ఇంటికి పంపించమన్నాడు. కాస్త ప్రేమగా చెప్పి ఉండొచ్చు, నిజమే. నా తెలివిని ఎవరూ గుర్తించడం లేదని లోలోపల కుమిలే చిన్న ఊరి పిల్లాడికి బడ్డీ తనవాడిలా అనిపిస్తాడు, ఆ బాధ నాకు బాగా తెలుసు. కానీ ఆ రోజు బడ్డీ ప్రాణం కాపాడింది కూడా, మీరు అవమానించాడంటున్న ఆ మనిషే కదా.

ఇక ఆఫీసు సంగతి. దీని మీద మాత్రం మన జిల్లావాళ్లు తొందరపడి తీర్పు చెప్పకూడదు. బాబ్ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగి. ఒక ముసలమ్మ క్లెయిమ్‌ను కంపెనీ కొట్టేసింది. ఇవ్వలేమని పైకి గట్టిగా చెప్తూనే, ఏ కాగితం ఏ విభాగానికి తీసుకెళ్లాలో గుసగుసగా చెప్పి, బయట ఎవరికీ అనుమానం రాకుండా ఏడుస్తున్నట్టు నటించమంటాడు. బాబ్ దగ్గరికొచ్చినవాళ్లకి కంపెనీ లోగుట్టంతా తెలిసిపోతోందని మేనేజర్ మండిపడతాడు. శెనక్కాయ వేసి వానకోసం ఆకాశం చూసిన ఏ ఇంటివాళ్లకైనా ఈ సీన్ వేరే వివరించాలా? వాతావరణ బీమాలో లెక్కకొచ్చేది మన చేలో పడిన వాన కాదు, వాతావరణ కేంద్రంలో నమోదైన వాన. చేను ఎండిపోయినా అక్కడి లెక్క బాగుంటే చేతికొచ్చేది ఏమీ ఉండదు. అట్లాంటప్పుడు, రూల్స్ లోపలే ఉన్న దారి చూపించే గుమాస్తా ఒక్కడు దొరికితే చాలని ఎంతమంది ఆఫీసుల చుట్టూ తిరగలేదు? బాబ్ చేసిందీ అదే, మోసం చేయమని ఎవరికీ చెప్పలేదు.

మేనేజర్ని గోడలు పగిలేలా విసిరేయడం మాత్రం తప్పే, దాన్ని సమర్థించను. కిటికీ బయట ఒక మనిషిని దొంగ కొడుతుంటే, వెళ్తే ఉద్యోగం పోతుందని బెదిరించి ఆపాడు ఆ మేనేజర్, ఈలోపు దొంగ పారిపోయాడు. కోపానికి కారణం ఉంది కానీ ఆ బలంతో మామూలు మనిషి మీద చెయ్యి వేయకూడదు. దానికి ఉద్యోగం పోయింది. ఆ సంగతి దాచి భార్యకు అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధమే భార్యనీ పిల్లల్నీ చావు అంచుదాకా తీసుకెళ్లింది. చేసినదానికి శిక్ష పడలేదని ఎవరంటారు?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది సిండ్రోమ్ సమానత్వం కోసం పోరాడాడు అనే మాట. సమానత్వమా? పాత సూపర్‌హీరోలను ఒక్కొక్కర్ని దీవికి రప్పించి, తన రోబోతో పోరాడించి చంపించాడు. రోబో ఓడిపోతే దానికి ఇంకో మెరుగు, హీరో చనిపోతే మళ్లీ ఇంకొకరికి పిలుపు. బాబ్ తెరిచిన కంప్యూటర్‌లో ఆ పేర్ల వరస మొత్తం ఉంది, గేజర్‌బీమ్ అనే పాత సూపర్‌హీరో అస్థిపంజరం గుహలో ఉంది. అదే రోబోని జనం ఉన్న నగరం మీదికి వదిలి, అందరూ చూస్తుండగా రిమోట్‌తో ఓడించి హీరో అనిపించుకోవాలన్నది అతని ప్లాన్. తన వస్తువులు అందరికీ ఇస్తానన్నది నిజమే, అయితే ముసలివాడై, తన సరదా అంతా తీరాక, అదీ డబ్బుకి అమ్ముతానన్నాడు! మీరు పంచుకునే ముక్కలో ఈ భాగం ఎందుకు కోసేశారు? శక్తి లేనివాళ్లను ఈ సినిమా చులకన చేస్తుందనే మాటా సరికాదు. సూపర్‌హీరోల దుస్తులు తయారుచేసే ఎడ్నాకి ఏ శక్తీ లేదు, అయినా సూపర్‌హీరోలంతా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు.

బాబ్‌ని నిజంగా నిలదీయాల్సిన సీన్ ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. బాబ్‌ని వెతుక్కుంటూ దీవికి వస్తున్న విమానంలో పిల్లలున్నారని రేడియోలో అతని భార్య మొరపెట్టుకున్నా, అప్పటికే బందీగా ఉన్న బాబ్ బతిమాలినా సిండ్రోమ్ క్షిపణులు ఆపడు. కుటుంబం పోయిందనుకున్న బాబ్ చేతికి సిండ్రోమ్ సహాయకురాలు మిరాజ్ చిక్కుతుంది, నలిపేస్తానంటాడు. ‘చెయ్, చూద్దాం’ అన్నట్టు మాట్లాడతాడు సిండ్రోమ్, తనవాళ్ల ప్రాణం కూడా అతనికి లెక్కలేదు. బాబ్ వదిలేస్తాడు. కాసేపటికి తనను విడిపించడానికి వచ్చిన ఆమె గొంతే మళ్లీ పట్టుకుంటాడు, మీ వాళ్లు బతికే ఉన్నారని ఆమె చెప్పేదాకా. అతను ఎంత దూరం జారగలడో, ఎక్కడ ఆగుతాడో రెండూ అక్కడే కనిపిస్తాయి, ఈ పాత్ర నాకు నచ్చేది కూడా అందుకే.

ఇక మిగిలింది చంపడం. మన సీమ పేరు చెప్పి తీసిన సినిమాల్లో హీరో నరికితే ఈలలు వేసినవాళ్లే ఇక్కడ కారు విసరడం హత్య అంటున్నారు. సిండ్రోమ్ అప్పుడే బాబ్ చంటిబిడ్డను ఎత్తుకుపోబోయాడు. బిడ్డ చేజారాక కూడా, ఎప్పటికైనా వాణ్ణి తీసుకుపోతానని జెట్ మీద నిలబడి చెప్పాడు. అప్పుడు విసిరాడు బాబ్ ఆ కారు. దెబ్బకి సిండ్రోమ్ రెక్క మీద పడ్డాడు, అతని కేప్‌ని ఇంజిన్ లాక్కుంది. బిడ్డ తండ్రి స్థానంలో మీరుంటే ఆ జెట్‌ని వెళ్లనిచ్చేవాళ్లా?