మైలుతుత్తం కొడితే ఆకు పచ్చబడదు

రైతుల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది: పత్రహరితానికి ప్రాణం రాగి, కాబట్టి ఆకు పాలిపోతే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) నీళ్లు కొట్టండి, ఎంత రాగి అందితే అంత కిరణజన్య సంయోగక్రియ. ఇందులో నిజం పిసరంత, తప్పు బండెడు.

"పత్రహరితంలో రాగి ఉంటుంది." ఉండదు. దాని నడుమ ఉండేది మెగ్నీషియం. ఆ చోట్లో రాగి దూరితే రంగు పచ్చగానే నిలుస్తుంది, పని మాత్రం ఆగిపోతుంది. మొక్కల నమూనాలను రాగి లవణంలో ఉడికించి పచ్చగా దాచేది ఇందుకే. చచ్చిన ఆకూ పచ్చగానే ఉంటుందన్నమాట!

"కిరణజన్య సంయోగక్రియకు రాగి కావాలి." ఆ పిసరంత నిజం ఇదే. ప్లాస్టోసయనిన్ అనే చిన్న ప్రోటీన్ థైలకాయిడ్ (ఆకు కణాల్లో వెలుగును పట్టే పొర సంచి) లోపలి ఖాళీలో తిరుగుతూ, ఆ పొరలోని సైటోక్రోమ్ బీ6ఎఫ్ అనే ప్రోటీన్ల గుంపు దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని, ఫొటోసిస్టమ్-1 అనే మరో గుంపుకు అందిస్తుంది. సుమారు 99 అమైనో ఆమ్లాల గొలుసులో రాగి పరమాణువు ఒక్కటే. రెండు హిస్టిడిన్లు, ఒక సిస్టీన్, ఒక మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు దాన్ని పట్టి ఉంచుతాయి. ఎలక్ట్రాన్ లేనప్పుడు ప్రోటీన్ నీలంగా ఉంటుంది, అందగానే రంగు పోతుంది. ఎలక్ట్రాన్ ఉన్న, లేని రాగి రెండు స్థితులకూ మధ్యస్థంగా ఆ పట్టు అమరి ఉంటుంది. అందుకే ఎలక్ట్రాన్ వచ్చినా పోయినా ఆకారం పెద్దగా మారదు, బదిలీ చకచకా సాగుతుంది. నీళ్లలో కరిగిన మైలుతుత్తానికి ఈ అమరిక ఎక్కడిది? పైగా రాగి కొరవైతే మొక్కే రాగి-జింకు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ (రాగిని వాడుకునే మరో ఎంజైమ్) తయారీ తగ్గించి, ఉన్నదాన్ని ప్లాస్టోసయనిన్‌కు మిగుల్చుకుంటుంది.

"ఎంత ఎక్కువైతే అంత మేలు." ఆకు ఎండు బరువులో 5–20 పీపీఎం (పది లక్షల్లో 5–20 వంతులు) రాగి చాలా పంటలకు సరిపోతుంది. మిగులు రాగి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన హానికర కణాలను పుట్టించి కణపొరలను చెడగొడుతుంది. వేర్లు కురచబారతాయి, ఇనుము అందక లేతాకులు ఇంకా పాలిపోతాయి.

"బోర్డో (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) కొట్టాక తోట పచ్చబడింది కదా?" తెగులు తగ్గింది, అంతే. 1 శాతం బోర్డోకు 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. అంటే లీటరుకు 2.5 గ్రాముల రాగి. అది సున్నంతో కలిసి కరగని రూపంలోకి మారబట్టే ఆకు మాడదు. ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపండి. మెరిసే ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి పూత అంటితే సున్నపు నీళ్లు ఇంకా పోయాలి. కలిపిన రోజే కొట్టేయాలి.

నిజంగా రాగి లోపమైతే ముందు లేతాకుల కొసలు తెల్లబడి మెలితిరుగుతాయి. మట్టి పరీక్షలో డీటీపీఏ రాగి (డీటీపీఏ ద్రావణంతో మట్టిలోంచి తీసి కొలిచే, మొక్కకు అందే రాగి) 0.2 పీపీఎం కంటే తక్కువుంటే అనుమానించాలి. ముదురాకులు ముందు పసుపెక్కితే చూడాల్సింది నత్రజనినీ మెగ్నీషియాన్నీ.