మూడు మిల్లీవాట్ల సంసారం

సాగునీరు, నిరుద్యోగం, వీధికుక్కలు లాంటి చిల్లర విషయాల మీద పత్రికలు పేజీలకు పేజీలు నింపుతాయి. నడివయసు గృహస్థుడు ఒక మంచి హెడ్‌ఫోను ఆంప్లిఫైయరునూ ప్రీఆంపునూ ఎంచుకుని, ఉన్న సంసారంలో వాటిని ఎలా ఇముడ్చుకోవాలన్న దాని మీద మాత్రం ఇంతవరకు ఒక్క సంపాదకీయమూ రాలేదు. ఎవరూ పూనుకోకపోవడంతో ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

ఫోనుకు తగిలించుకుంటే పాట రాదా, ఈ పెట్టెలెందుకు అని అడిగేవారికి 300 ఓముల సంగతి తెలియదు. నా దగ్గరున్న హెడ్‌ఫోను సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో పుట్టింది, నేటికీ గౌరవం తగ్గలేదు. దాని ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చెప్పే అడ్డు, 300 ఓములు. ఒక వోల్టు ఇస్తే అది తాగేది సుమారు మూడు మిల్లీవాట్లు. అంత మాత్రానికే చెవులు గింగురుమంటాయి. ఈ మూడు మిల్లీవాట్లను మచ్చ లేకుండా అందించడానికి నేను కొన్న క్లాస్ ఏ యంత్రం గోడలోంచి 60 వాట్లు లాగుతుంది. పాట ఉన్నా లాగుతుంది, లేకపోయినా లాగుతుంది. తక్కినదంతా వేడి. కాలువ తలగేటు దగ్గర వదిలిన నీటిలో చివరి ఆయకట్టు రైతుకు అందే వాటా ఇంతకంటే నయంగా ఉంటుంది. అయినా ఆ రైతు ధర్నా చేస్తాడు. నేను మాత్రం కళ్లు మూసుకుని ఆహా అంటాను.

ప్రీఆంపు సంగతి ఇంకా లోతైనది. పేరు చూస్తే ధ్వనిని పెంచేదనిపిస్తుంది. నిజానికి డాక్ నుంచి, అంటే డిజిటల్ పాటను విద్యుత్ సిగ్నలుగా మార్చే పెట్టె నుంచి, బయటికొచ్చే సిగ్నలు మామూలుగా 2 వోల్టులుంటుంది. ఇంట్లో పాట వినడానికి అంత అక్కర్లేదు. కనుక ప్రీఆంపు పొద్దస్తమానం చేసే పని తగ్గించడమే. పైనుంచి మంజూరై వచ్చినదాన్ని కోసి కిందికి పంపడానికి ఒక ప్రత్యేక కార్యాలయం, దానికి అంగుళం మందాన అల్యూమినియం ముఖద్వారం. మన పాలనా వ్యవస్థ తెలిసినవారికి ఇందులో వింతేమీ కనపడదు.

నేను కొన్నది ఈ రెండు పనులూ చేసే జోడు యంత్రం. వెనకవైపు నుంచి తీగలు స్పీకర్ల ఆంప్లిఫైయరుకు వెళ్తాయి, ముందువైపు హెడ్‌ఫోను గుచ్చుకోవాలి. కొన్ని యంత్రాల్లో హెడ్‌ఫోను గుచ్చగానే స్పీకర్ల దారి దానంతటదే మూసుకుపోతుంది. నా యంత్రం తయారుచేసినవారు కొనుగోలుదారు విజ్ఞత మీద నమ్మకం ఉంచి, అందుకు వేరే మీట పెట్టారు.

ధర గురించి కూడా చెప్పాలి. ఈ రంగంలో ప్రతి వస్తువుకూ రెండు ధరలుంటాయి, ఒకటి కొన్నది, రెండోది ఇంట్లో చెప్పినది. నా యంత్రం రెండో ధర పన్నెండు వేలు.

ఇక నిశ్శబ్దం. యంత్రంలోంచి వచ్చే సొంత రొద ఎంత తక్కువో కరపత్రంలో డెసిబెళ్లలో ఘనంగా అచ్చువేశారు. ఆ రొద నిజంగానే వినపడదు. వినపడేది సీలింగు ఫ్యాను. హెచ్‌డీ 600 వెనకవైపు తెరిచి ఉండే రకం, బయటి చప్పుడంతా నేరుగా లోపలికి వస్తుంది. కాబట్టి మే నెలలో, విజయవాడలో, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పక్కన 60 వాట్ల కుంపటి పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటైంది. చెమట కణత మీది నుంచి చెవి గుబ్బ మెత్తలోకి ఇంకుతుంది. వంటింట్లో మిక్సీ తిరిగినప్పుడు కుడి చెవిలో చిటపటలు. దాన్నిబట్టి ఆరోజు పచ్చడి ఉందో లేదో గదిలోంచే చెప్పగలను. ఇంత సమాచారం ఇచ్చే యంత్రాన్ని దండగ అనేవారిని ఏమనాలి?

స్పీకర్లు కలిపిన రోజే గుయ్యిమనే రొద మొదలైంది. తీగలు మార్చాను. పెట్టెల కింద రబ్బరు బిళ్లలు పెట్టాను. మా నాన్న విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఒక నిమిషం విని, "ఇది కరెంటు మోత, యాభై సైకిళ్లు. ఎర్త్ చూడు" అన్నారు. అపార్టుమెంటు వెనక ఎర్త్ గుంతలో రెండు రోజులు బిందెలతో నీళ్లు పోయించారు. ఎర్త్ బాగుపడింది, గుయ్యి తగ్గలేదు. మూడో రోజు ఆయన టీవీ వెనక్కి వంగి, సెట్‌టాప్ బాక్సులోంచి కేబుల్ తీగ ఊడబీకారు. రొద టక్కున ఆగింది.

"ఆ తీగ పైతొడుగుకు వీధి చివర ఎక్కడో ఇంకో ఎర్త్ ఉందిరా. ఒక ఇంటికి రెండు ఎర్త్‌లుంటే నడుమ కరెంటు తిరుగుతుంది. నీ టీవీని కూడా నీ పాటల పెట్టెకే కలిపావు కదా!" అన్నారు. ప్రపంచంలోని పండితుల వ్యాసాలు నెలరోజులు చదివి నేను తెలుసుకోలేనిది ఇదే. ఒప్పందం కుదిరింది. రాత్రి తొమ్మిది దాటాక కేబుల్ ఊడదీసి ఉంచాలి. వార్తాచర్చలు లేక ఆయన ముఖం చిన్నబోయింది. కళ కోసం పెద్దలు ఆ మాత్రం త్యాగం చేయాలి.

పోయిన శనివారం కొత్తగా వెండిపూత తీగ వచ్చింది. అర్ధరాత్రి దాటాక అది తగిలించి, 1950ల నాటి ఒక పాత పాట పెట్టాను. ఆ రోజుల్లో అంతా మోనో రికార్డింగే, రెండు చెవులకూ ఒకటే ధ్వని. హెడ్‌ఫోనులో వింటే గాయని సరిగ్గా నడినెత్తి లోపల నిలబడి పాడుతుంది. ఆ రాత్రి అలా కాలేదు. గొంతు తలలోంచి బయటికి నడిచి, హాలు మధ్యలో నిలబడింది. తబలా దెబ్బ నా రొమ్మును తాకింది. వీణ గోడల దాకా విస్తరించింది. వెండికి ఇంత మహిమ ఉందా అని కళ్లు చెమర్చాయి. ఆ గుణాన్ని వర్ణించడానికి "విశాలమైన ధ్వనిమండపం" అన్న మాట కూడా కాగితం మీద రాసుకున్నాను.

రెండో చరణంలో తలుపు గంట మోగింది. దాని స్పష్టతకూ ఒక క్షణం ముగ్ధుణ్నయ్యాను. అప్పుడే స్పీకర్ల మీట వైపు చూశాను.

గుమ్మంలో కింది అంతస్తు పెద్దాయన, భుజాన తువ్వాలుతో. తగాదాకు సిద్ధపడ్డాను. ఆయన మాత్రం నెమ్మదిగా, "మా పడకగదిలోకి వీణ ఒక్కొక్క మీటూ వినపడిందండీ. ఏమిటా యంత్రం? పదివేలుంటుందా?" అన్నారు.

తిట్టినా సహించేవాడిని.

"పదివేలా? లక్షా ఎనభై వేలండీ" అన్నాను.

వెనక చిన్న దగ్గు వినపడింది. నాన్న ఎప్పుడు లేచారో తెలియదు. ఏమీ అనలేదు. టీవీ దగ్గరికి నడిచి, వంగి, కింద వేలాడుతున్న కేబుల్ తీగను తీసి సెట్‌టాప్ బాక్సుకు తగిలించారు. రెండు స్పీకర్లూ కలిసి గుయ్యిమన్నాయి.