అచ్చు మాటకూ చేతిరాతకూ మధ్య ఓడిన రాజు

1642 ఆగస్టు 22. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో మొదటి చార్లెస్ రాజు తన యుద్ధ పతాకం ఎత్తించాడు. పార్లమెంటు మీద ఆయుధం ఎందుకు పట్టాల్సి వచ్చిందో చెప్పే ప్రకటనను చదవడానికి చాటింపు అధికారి కాగితం పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు రాజుకు అందులోని కొన్ని మాటలు నచ్చలేదు. కలం, సిరా తెప్పించుకుని, అక్కడికక్కడే కొన్ని కొట్టేసి, కొన్ని దిద్ది ఇచ్చాడు. ఆ కొట్టివేతల మధ్య అక్షరాలు కూడబలుక్కుంటూ అధికారి తడబడుతూ చదివాడు. ఆ తర్వాత గాలివానకు ఆ జెండా కాస్తా నేలకూలింది.

ఆగస్టు 22 అంటే చాలామందికి మద్రాసు దినం. 1639లో దామర్ల నాయకులు ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోవడానికి చోటు ఇచ్చినప్పుడు లండన్ గద్దె మీద ఉన్నది ఈ చార్లెసే. మూడేళ్లు తిరిగేసరికి ఆయన సొంత రాజధానిలో అడుగుపెట్టలేని స్థితికి చేరాడు.

జెండా కూలడాన్ని అపశకునంగా చెప్పుకున్నారు. నా చూపు మాత్రం ఆ కలం మీదే ఆగుతుంది. దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదని నమ్మిన రాజు, సేనను పిలిచే వేళ కూడా ఒక్కో పదం దగ్గర ఎందుకు అంతగా తచ్చాడాడు? అప్పటికి ఎనిమిది నెలలుగా ఆయన చేస్తున్న యుద్ధమంతా అచ్చు కాగితాలతోనే కాబట్టి. ఆ యుద్ధంలో ఆయనకు మంచి మాటలు దొరికాయి. ఆ మాటలకు కట్టుబడే మనసే దొరకలేదు. ఆయన్ని ఓడించింది 1645లో ఆయన సేన చితికిన నేస్‌బీ మైదానం ఒక్కటే కాదని, తన అచ్చు మాటకూ తన చేతిరాతకూ మధ్య తానే తవ్వుకున్న అగాధం కూడా అని నా అభిప్రాయం.

కథ కాస్త వెనక్కి వెళ్లాలి. 1629 నుంచి పదకొండేళ్లు చార్లెస్ పార్లమెంటును పిలవకుండానే పాలించాడు. స్కాట్లాండు మీద కొత్త ప్రార్థన పుస్తకం రుద్దబోయి యుద్ధం తెచ్చుకున్నాడు. ఖజానా ఖాళీ అయ్యాక 1640లో పార్లమెంటును పిలవక తప్పలేదు. వచ్చిన సభ్యులు పాత బాకీలన్నీ తీర్చుకున్నారు. అచ్చుయంత్రాల పగ్గాలు పట్టుకున్న స్టార్ చాంబర్ న్యాయస్థానాన్ని 1641 జులైలో రద్దు చేశారు. అంతే, లండన్ వీధుల్లో కరపత్రాల వరద మొదలైంది. జార్జి థామసన్ అనే పుస్తకాల వ్యాపారి దొరికింది దొరికినట్టు కొని, చాలావాటి మీద తేదీ వేసి దాచాడు. ఇరవై ఏళ్లలో ఆ పోగు దాదాపు 22 వేలకు చేరింది. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

జనం ముందు పంచాయితీ పెట్టింది మొదట పార్లమెంటే. 1641 నవంబరులో రాజు పాలన మీద 204 అంశాల ఫిర్యాదు పత్రం సభ ముందుకు వచ్చింది. అర్ధరాత్రి దాటేదాకా వాదులాడుకుని 159 మంది అటు, 148 మంది ఇటు, పదకొండు ఓట్ల తేడాతో నెగ్గించారు. ఓటింగ్ కంటే పెద్ద గొడవ దాన్ని అచ్చు వేయాలా వద్దా అన్న దాని మీద జరిగింది. ఎడ్వర్డ్ డేరింగ్ అనే సభ్యుడి బాధ ఇది: రాజుకు అద్దం పట్టి చూపిస్తామనుకున్నాను గానీ, కిందికి తిరిగి జనానికి కథలు చెబుతామని, రాజు గురించి ఎవరో మూడో మనిషి అన్నట్టు మాట్లాడతామని కలలో కూడా అనుకోలేదు. డిసెంబరులో అది అచ్చయింది.

చార్లెస్‌కు అప్పుడు రెండు దారులున్నాయి. రాజు జనంతో వాదన పెట్టుకోడు అని మౌనంగా ఉండటం ఒకటి. తానూ కిందికి తిరిగి జనంతోనే మాట్లాడటం రెండోది. 1642 జనవరి 4న ఐదుగురు సభ్యులను అరెస్టు చేయడానికి సాయుధులతో సభకే వెళ్లి, వాళ్లు ముందే తప్పించుకోవడంతో ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. ఆ దెబ్బతో లండన్ విడిచిపెట్టాల్సి వచ్చింది. మార్చి నాటికి యార్క్ చేరాడు. ఆయన కొలువుతో పాటు అచ్చుయంత్రమూ అక్కడికి వచ్చింది. రెండో దారి పట్టాడన్నమాట. పట్టిన క్షణమే, తనకు తెలిసో తెలియకో, న్యాయమూర్తి కుర్చీలో పాఠకుడిని కూర్చోబెట్టాడు. తీర్పు చెప్పే హక్కు లేనివాడి ముందు ఎవరూ వాదన వినిపించరు కదా.

ఆ వాదనలు రాసిపెట్టినవాడు ఎడ్వర్డ్ హైడ్, తర్వాతి కాలంలో క్లారెండన్ ప్రభువు. అప్పటికి ఆయన లండన్‌లో పార్లమెంటు సభ్యుడిగానే ఉంటూ, రహస్యంగా చిత్తుప్రతులు రాసి యార్క్‌కు పంపేవాడు. దస్తూరీ బయటపడితే హైడ్ తల పోతుంది. అందుకని రాజే కూర్చుని మొత్తం తన చేత్తో తిరగరాసేవాడు. ఒక్కోసారి రెండు మూడు రోజులు పట్టేదని హైడే రాసుకున్నాడు. నత్తితో బాధపడే రాజు, తలుపు వేసుకుని, తన పేరుతో వెళ్లబోయే మరొకరి మాటలను బడి పిల్లాడిలా ఎత్తి రాసుకుంటున్న ఆ దృశ్యాన్ని నేను మరిచిపోలేను. ఆ మాటలు ఆయన చేతిలోంచి వచ్చాయి. మనసు దాకా వెళ్లాయా అన్నదే ప్రశ్న.

1642 జూన్ 1న పార్లమెంటు 19 షరతులు పంపింది. మంత్రుల్ని మేం ఒప్పుకోవాలి, సైనిక దళాలు మా అదుపులో ఉండాలి, మీ పిల్లల చదువూ పెళ్లిళ్లూ మా సమ్మతితో జరగాలి అని. జూన్ 18న వచ్చిన రాజు జవాబును ఆయన సలహాదారులు ఫాక్‌లాండ్, కల్పెపర్ రాశారు. చార్లెస్ పేరుతో అచ్చయిన కాగితాలన్నిటిలో గొప్పది ఇదేనంటాను. రాజరికం, ప్రభువుల పాలన, ప్రజల పాలన, మూడింటికీ వేటి మంచి వాటికుంది, వేటి చెడు వాటికుంది. ఇంగ్లాండు ఈ మూడింటినీ కలిపి పోగేసుకుంది. చట్టాలు రాజు, ప్రభువుల సభ, కామన్స్ సభ కలిసి చేస్తాయి అని అందులో ఉంది. కామన్స్ సభ స్వేచ్ఛకు కాపలాదారు అని, పన్నుల ప్రతిపాదన దాని చేతిలోనే మొదలవుతుందని కూడా ఉంది. ఈ తూకం చెడితే అంతా చీకటి గందరగోళమై, చివరికి ఏ వాట్ టైలరో, జాక్ కేడో నాయకుడవుతాడని హెచ్చరిక. వాళ్లిద్దరూ పాత కాలపు తిరుగుబాటుదారులు.

మన రాజ్యాంగం 79వ అధికరణం పార్లమెంటు అంటే రాష్ట్రపతి, రెండు సభలు అని చెబుతుంది. ఆ మూడు భాగాల కూర్పు వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి వచ్చిందే. దాన్ని అంత తేటగా కాగితం మీద పెట్టినవాళ్లలో, తన అధికారానికి హద్దు ఉందంటే సహించలేని ఒక రాజు పేరు ఉండటం చరిత్రలో నన్ను బాగా ఆలోచింపజేసే విషయం.

హైడ్‌కు ఈ జవాబు రుచించలేదు. రాజును ముగ్గురిలో ఒకడిగా చూపిస్తే, మిగతా ఇద్దరి పైన ఉండే స్థానం పోతుందని, బిషప్పుల చోటూ గల్లంతవుతుందని ఆయన భయం. భయం నిజమే అయింది. జులైలో హెన్రీ పార్కర్ అనే న్యాయవాది రాజు జవాబులను మాటకు మాట పట్టుకుని కరపత్రం తెచ్చాడు. అధికారం పుట్టింది జనంలోనే. రాజు విడివిడిగా ప్రతి ఒక్కడికంటే పెద్ద, అందరూ కలిసినప్పుడు వాళ్లకంటే చిన్న అన్నాడు. రాజు తెరిచిన తలుపులోంచే పార్కర్ లోపలికి వచ్చాడు. అందుకే ఆ జవాబు రాజనీతి దృష్ట్యా పెద్ద పొరపాటని చాలామంది చరిత్రకారులు అంటారు.

నేను ఒప్పుకోను. 1642 జనవరిలో చార్లెస్ వెంట నిలబడటానికి చాలామంది జంకారు. అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ దగ్గర పార్లమెంటు సేనకు దీటైన సేనతో నిలబడ్డాడు. మధ్యలో ఏం జరిగింది? పాత పాలనను ఏవగించుకున్న మధ్యేవాదులు, ఈ రాజు చట్టానికి కట్టుబడతానంటున్నాడు, హద్దు మీరుతున్నది పార్లమెంటే అని నమ్మి ఆయన వైపు వచ్చారు. ఫాక్‌లాండ్ అలాంటివాడే, మరుసటి ఏడాది న్యూబరీ యుద్ధంలో ప్రాణమిచ్చాడు. రాజుకు సేనను కూడగట్టిన వాటిలో ఆ అచ్చు మాటల వాటా పెద్దది.

ఆ మాట కాగితం మీదే ఆగలేదు. సెప్టెంబరు 19న వెల్లింగ్టన్ అనే ఊరి దగ్గర సేన ఎదుట, ప్రొటెస్టెంటు మతాన్ని, చట్టాలను, పార్లమెంటు హక్కులను కాపాడతానని చార్లెస్ ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞను ష్రూస్‌బరీలో, ఆక్స్‌ఫర్డ్‌లో నాణేల మీద కూడా ముద్రించారు. ఒకవైపు రాజు బొమ్మ. మరోవైపు నడుమ రెండు మూడు వరుసల్లో కుదించిన లాటిన్ అక్షరాలు: ప్రొటెస్టెంటు మతం, ఇంగ్లాండు చట్టాలు, పార్లమెంటు స్వేచ్ఛ. అంచు చుట్టూ దేవుడు లేచి శత్రువులను చెదరగొట్టుగాక అనే కీర్తన. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల వెండి పాత్రలు కరిగించి పోసిన నాణేలూ అందులో ఉన్నాయి. పార్లమెంటుతో పోరాడే సైనికుడి జీతంలో పార్లమెంటు స్వేచ్ఛను కాపాడతానన్న రాజు మాట ఉండేది.

1645 జూన్ 14న నేస్‌బీలో రాజు సేన చితికిపోయింది. సామాన్ల బండ్లలో ఆయన ఉత్తరాల పెట్టె పార్లమెంటు సైనికులకు చిక్కింది. లండన్ గిల్డ్‌హాల్‌లో వాటిని జనానికి చదివి వినిపించారు. దస్తూరీ రాజుదేనా అని అనుమానమున్నవాళ్లు చూసుకోవచ్చన్నారు. జులైలో పుస్తకంగా తెచ్చారు. రాణి హెన్రియెట్టా మరియాకు రాసిన ఉత్తరాల్లో, సహాయం చేస్తే ఇంగ్లాండులో కేథలిక్కుల మీద ఉన్న శిక్షా చట్టాలన్నీ ఎత్తేస్తానని మాట ఇచ్చే అధికారం ఆమెకు ఇచ్చాడు. ఐర్లండు నుంచి సేన తెప్పించే ఏర్పాట్లూ బయటపడ్డాయి. తన కోసం ఆక్స్‌ఫర్డ్ వచ్చి కూర్చున్న సొంత పక్షం సభ్యులను సంకర పార్లమెంటు అన్నాడు. ఆయన్ను నమ్మి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు వాళ్లు.

వీటన్నిటికంటే నన్ను కుదిపింది మరో ఉత్తరం. శాంతి చర్చల కోసం వెస్ట్‌మిన్‌స్టర్ సభ్యులను ఆయన ‘పార్లమెంటు’ అని సంబోధించాల్సి వచ్చింది. రాణి అలిగింది కాబోలు, 1645 జనవరిలో ఆమెకు ఇలా సమాధానపడ్డాడు: అలా పిలిచినంత మాత్రాన వాళ్లను పార్లమెంటుగా ఒప్పుకున్నట్టు కాదు, ఆ అర్థంతోనే పిలిచాను, ఆ సంగతి మంత్రిమండలి పుస్తకంలో నమోదు చేయించాను. బయట ఒక మాట, పుస్తకంలో దానికి విరుగుడు. నాణెం మీద అక్షరాలకూ ఇలాంటి విరుగుడు ఏదైనా ఉందా అని ఆ ఉత్తరం చదివినవాడు అడగకుండా ఉండగలడా?

భార్యాభర్తల ఉత్తరాలు బజారున పెట్టడం మర్యాదేనా అని రాజు పక్షం మండిపడింది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. పార్లమెంటు కూడా ‘రాజు కోసం, పార్లమెంటు కోసం’ అంటూనే రాజు మీదికి సేనను పంపింది. దాని మాటలోనూ డొల్లతనం ఉంది. అయినా ఆ ఉత్తరాల్లో ఉన్నది సంసారం గుట్టు కాదు. రాజ్యం ఎవరికి ఏమని మాట ఇచ్చిందో, ఆ మాట వెనక ఏముందో అందులో ఉంది. ఆ మాట మీద ప్రాణాలు పెట్టినవాళ్లకు అది తెలుసుకునే హక్కు ఉందని నేను నమ్ముతాను.

1649 జనవరి 30న వైట్‌హాల్ వధ్యశిల మీద చార్లెస్ చివరి మాటలు జనానికి వినపడలేదు; మధ్యలో సైనికుల వరుసలు. జేబులోంచి చిన్న కాగితం తీసి దగ్గరున్న కొద్దిమందికే చెప్పాడు. జనానికి కావలసింది తమ ప్రాణం, ఆస్తి తమవిగా ఉంచే చట్టాలే గాని పాలనలో వాటా కాదు అన్నాడు. ఆ మాటల్లో నాకు 1642 జవాబులోని తూకం కంటే ఆయన సొంత గొంతే వినిపిస్తుంది. ఆ రోజుల్లోనే ‘ఐకాన్ బాసిలికే’ పుస్తకం బయటికొచ్చింది, రాజు ఏకాంత చింతనగా, ప్రార్థనలుగా. ముందు పుటలో మోకాళ్ల మీద ఉన్న రాజు, చేతిలో ముళ్ల కిరీటం. ఏడాదిలోనే ముప్పైకి పైగా ముద్రణలు. ఖండించడానికి ప్రభుత్వం కవి మిల్టన్ అంతటివాడిని దింపినా ఆ పుస్తకం జోరు తగ్గలేదు. తర్వాత జాన్ గాడెన్ అనే మతాచార్యుడు అది నేనే రాశానన్నాడు. రాజు రాసుకున్న కాగితాల ఆధారంగా కూర్చాడని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. బతికుండగా హైడ్ మాటలను రాజు తన చేత్తో ఎత్తి రాశాడు. పోయాక రాజు మాటలను మరొకరు కూర్చారు. ఈసారి పక్కనుంచి విరుగుడు ఉత్తరం రాయడానికి రాజు లేడు. అందుకే జనం ఆ పుస్తకాన్ని అంత పూర్తిగా నమ్మగలిగారు అనుకుంటాను.

బందీగా ఉన్న రోజుల్లో చార్లెస్ ఒక కరపత్రం చూడాలని కోరి, థామసన్ దగ్గర్నుంచి అరువుగా తెప్పించుకున్నాడు. 1647లో కాపలా తప్పించుకుని వైట్ ద్వీపం వైపు పారిపోతుండగా అది చేతిలోంచి జారి బురదలో పడింది. పడినా, తీయించి, దాని యజమానికి తిరిగి పంపే ఏర్పాటు చేశాడు. థామసన్ ఆ బురద మరకను అలాగే ఉంచి, అదెలా అంటిందో ఆ సంపుటంలోనే రాసుకున్నాడు.