‘ఇక అంతా బాదుడే’ అన్న మాట నిజం కాదు

కొన్నాళ్లుగా హైదరాబాద్‌లో టెన్నిస్ ఆడే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇంతే: మగవాళ్ల టెన్నిస్‌లో ఇక బలంగా సర్వ్ కొట్టే ఆరున్నర అడుగుల వాళ్లదే రాజ్యం. నెట్ దగ్గరి ఆట తొంభైల నాటి ఛాంపియన్ సాంప్రాస్‌తోనే పోయింది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ పని అయిపోయింది. కాబట్టి పిల్లలకు బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) నుంచి బలంగా బాదడం తప్ప ఇంకేదీ నేర్పి టైమ్ వేస్ట్ చేయొద్దు.

ఊరికే ఫార్వర్డ్ అయితే వదిలేసేవాణ్ణి. కానీ పన్నెండేళ్ల మా మేనల్లుడు ఆడే చోట కోచ్ గారు ఈ మెసేజ్ చూపించి మరీ శనివారం వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్) ప్రాక్టీసు ఆపేశారు. వాడికి అదే ఇష్టమైన గంట. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి. సర్వ్‌కు పొడుగు ఉపయోగమే, కాదనను. 2010 వింబుల్డన్‌లో మహుత్‌తో 11 గంటల 5 నిమిషాలు సాగిన మ్యాచ్‌లో ఇస్నర్ 113 ఏస్‌లు, అంటే ఎదుటివాడు తాకలేని సర్వ్‌లు, కొట్టాడు. అతని ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. అంత సర్వ్ ఉండి కూడా ఒక్క గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్‌కు చేరలేదు. 6 అడుగుల 6 అంగుళాల డెల్ పోట్రో, సిలిచ్, మెద్వెదెవ్ తలా ఒక యూఎస్ ఓపెన్ గెలిచారు. మరి ఫెదరర్, నాదల్, జొకోవిచ్? ఆరడుగుల మీద ఒకటి రెండు అంగుళాలే. ముగ్గురివీ కలిపి 66 గ్రాండ్‌స్లామ్‌లు. ఈ తరం మేటి ఆటగాడు అల్కరాజ్ సరిగ్గా ఆరడుగులు.

నెట్ ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెసేజ్ అసలు తప్పంతా ఇక్కడే ఉంది. ఆ ఆట దానంతటది చచ్చిపోలేదు, పరిస్థితులు మారాయి. 1994లో సాంప్రాస్, ఇవానిసెవిచ్ వింబుల్డన్ ఫైనల్ ఆడినప్పుడు జనం భయం పూర్తిగా వేరు. సర్వ్ తప్ప ర్యాలీ (బంతిని అటూఇటూ కొట్టుకోవడం) కనబడటం లేదు, ఇలాగైతే ఎవరు చూస్తారని వాపోయారు. 2001 నుంచి వింబుల్డన్ కోర్టుల్లో పూర్తిగా రైగ్రాస్ అనే రకం గడ్డి వేశారు. నేల గట్టిపడింది, బంతి ఎక్కువ లేస్తోంది, వెనక నిలబడి కొట్టడం తేలికైంది. అంతకుముందే, 1997లో, కుయెర్టెన్ రాకెట్‌కు పాలిస్టర్ స్ట్రింగులు కట్టుకుని ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. వాటితో ఎంత గట్టిగా ఊపినా బంతి స్పిన్‌తో లోపలే పడుతుంది, నెట్ దగ్గర ఉన్నవాడి కాళ్ల దగ్గరికి దిగుతుంది. 2001 వింబుల్డన్ ఫైనల్ ఆడిన ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఇద్దరూ నెట్‌కు పరిగెత్తేవాళ్లే. మరుసటి ఏడాది హెవిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ వదలని వాళ్లు. ఒక్క ఏడాదిలో అంత తేడా!

ఇప్పుడు గాలి మళ్లీ మళ్లుతోంది. బాదుడు పెరిగేకొద్దీ దాన్ని తట్టుకోవడానికి రిటర్న్ చేసేవాళ్లు (సర్వ్‌ను తిప్పికొట్టేవాళ్లు) వెనక్కి జరిగారు. మెద్వెదెవ్ దాదాపు గోడ దగ్గర నిలబడతాడు. ఒకడు వెనక్కి వెళ్తే ముందు చోటు ఖాళీ అవుతుంది కదా. 2023 ఇండియన్ వెల్స్ ఫైనల్‌లో ఆ మెద్వెదెవ్ మీదే అల్కరాజ్ డ్రాప్ షాట్‌లు (నెట్ దాటగానే పడేలా మెత్తగా కొట్టేవి), సర్వ్ అండ్ వాలీ (సర్వ్ చేసి వెంటనే నెట్‌కు రావడం) కలిపి ఆ ఖాళీనే వాడుకుని 6-3, 6-2తో ముగించాడు. ఇంకా పెద్ద సాక్ష్యం 2025 యూఎస్ ఓపెన్ ఫైనల్. బేస్‌లైన్ నుంచి సినర్ కంటే శుభ్రంగా బాదేవాడు నాకు కనబడడు. అల్కరాజ్ చేతిలో ఓడాక సినరే ఒప్పుకున్నాడు: తాను ఏం కొడతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతోందని, ఒక్కసారి కూడా సర్వ్ అండ్ వాలీ ఆడలేదని, ఆట మార్చుకోవాలని. ఈ మెసేజ్ రాసినవారు ఆ మాటలు వినాల్సింది.

సాంప్రాస్‌లా ప్రతి సర్వ్ వెనకా నెట్‌కు వెళ్లేవాళ్లు మళ్లీ నంబర్ వన్ అవుతారని నేననడం లేదు. అన్నీ కలిపి ఆడేవాళ్లు, ఎప్పుడు ఏది వాడాలో తెలిసినవాళ్లు పైకొస్తారని నా నమ్మకం.

ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ విషయంలో మెసేజ్‌లో సగం నిజముంది. 1973లో ర్యాంకింగ్స్ మొదలయ్యాక తొలిసారి 2024 ఫిబ్రవరిలో టాప్ టెన్‌లో ఆ షాట్ ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. కానీ కొన్ని వారాలకే దిమిత్రోవ్ వచ్చాడు. ఆ ఏడాదే ముసెట్టి వింబుల్డన్ సెమీస్ ఆడి, పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. 2025లో అతనూ టాప్ టెన్‌లోకి వచ్చాడు. భుజం ఎత్తుకు లేచే బంతిని ఒంటిచేత్తో కొట్టడం కష్టమే, అలా ఆడేవాళ్లు తగ్గుతారు కూడా. అయినా రెండు చేతులతో ఆడేవాడికి స్లైస్ (బంతిని కింద నుంచి కోసినట్టు కొట్టే షాట్) ఒంటిచేత్తోనే కదా! అదైనా నేర్పాలి.

ఇక చివరి మాట, పిల్లలకు ఇంకేదీ నేర్పొద్దన్నది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. సీనియర్ స్థాయిలో మన దేశానికి వచ్చిన గ్రాండ్‌స్లామ్ టైటిళ్లన్నీ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనే వచ్చాయి. మన హైదరాబాద్ అమ్మాయి సానియావి ఆరూ అవే. బోపన్న 43 ఏళ్ల వయసులో 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. డబుల్స్‌లో నెట్ దగ్గర చెయ్యి ఆడకపోతే మ్యాచ్ లేదు. పద్దెనిమిదేళ్లకు సర్వ్ వేగం పెంచుకోవచ్చు, బంతిని మెత్తగా అందుకునే చెయ్యి మాత్రం చిన్నప్పుడే అలవడాలి.

కోచ్ గారికి ఇవే చెప్పాను. గంట కుదరకపోతే అరగంటైనా తిరిగి పెట్టమని అడిగాను. ఆలోచిస్తానన్నారు. ఈలోగా ఆదివారాలు ఎండ ముదరకముందే, బకెట్ నిండా పాత బంతులతో మావాణ్ణి నేనే కోర్టుకు తీసుకెళ్తున్నాను.